బర్రె మేసిన కంచె

మా ఇంటి చుట్టూ ఉన్న కంచెని ఒక వేసవిలో మా బర్రె తినేసింది. నాగజెముడు కంచె. ఒక్కో ముల్లు వేలెడు పొడుగు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. జెముడు ముట్టుకుంటేనే దురద కదా, గొడ్డు ఎట్లా తింటుంది, విషం కాదా అని అడుగుతారు. నేనూ ఆ రోజుల్లో అదే అడిగాను.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు అది. వెల్దుర్తికి కోసెడు దూరంలో, బాట పక్కన నాలుగిళ్ళున్న చోట మాది చివరి ఇల్లు. ఇంట్లో ఉండేది ఇద్దరం, నేనూ, మా అత్త ఆదెమ్మా. నా పెనిమిటి జయరాజు పటాలంలో చేరి ఐదేళ్ళయింది. అస్సాం అడవుల్లో రోడ్లు వేసే పటాలం. పెళ్ళయిన ఎనిమిది నెలలకే పోయాడు. పోయేముందు ఆయన చేసిన ఆఖరి పని ఆ కంచె. అప్పటికే తెల్లపురుగు పట్టి మా వైపు జెముడంతా కుళ్ళిపోయింది. నాపరాయి గనుల గుంతల్లో అక్కడక్కడా మిగిలిన మట్టల్ని వెతికి, బండికేసుకొచ్చి, ఇంటి చుట్టూ గాడి తీసి నాటాడు.

"ఇద్దరాడోళ్ళుండే ఇల్లు. ఇక పిల్లి కూడా దూరదు" అన్నాడు.

పిల్లి దూరలేదు. ఐదేళ్ళలో కంచె మనిషెత్తు పెరిగింది. వాకిట్లో నిలబడితే ఆకాశం తప్ప ఏమీ కనపడేది కాదు. తడిక దగ్గర మాత్రం ఇద్దరు మనుషులు పట్టేంత సందు. మధ్యాహ్నం పని అయిపోగానే మా అత్త ఆ సందులో పీట వేసుకుని బాటవైపు చూస్తూ కూర్చునేది. యుద్ధం అయిపోయాక ఊళ్ళోకి ఒక్కొక్కరే తిరిగొస్తున్నారు. ఆయన రాలేదు. ఆయన మొహం తలుచుకుందామంటే నాకు గుర్తొచ్చేది కాదు. గాడి తీస్తున్నప్పుడు వంగి ఉన్న వీపు, చెమటకి తడిసిన బనీను, అవి మాత్రం గుర్తొచ్చేవి.

నాకు తోడంటే బర్రె ఒకటే. పెళ్ళిలో మా అమ్మ అరణంగా తోలిచ్చిన పెయ్యిదూడ అది. అమ్మ ఆ మరుసటి ఏడే పోయింది. నేను వచ్చిన దారినే, నా బండి వెనకాలే నడిచొచ్చింది కాబట్టి, ఈ ఊళ్ళో నేను ఎరిగిన ప్రాణం అదొక్కటే అనిపించేది. కుడితి పెడుతూ దానితో మాట్లాడేదాన్ని. అది చెవులు ఊపేది. ఆ ఇంట్లో నా మాటకి అంతకన్నా జవాబు దొరికేది కాదు.

ఆ ఏడు తొలకరి తప్పిపోయింది, మలి వానలూ తప్పిపోయాయి. జొన్న గిద్దెడు పండలేదు. చొప్పవాములు సంక్రాంతికే అడుగంటాయి. ఉగాది దాటగానే ఎదురింటి మీరా సాహెబు మామ ఊరి గొడ్లన్నిటినీ మందగా కట్టి నల్లమలకి తోలుకుపోవడానికి సిద్ధమయ్యాడు. తెల్లారకముందే తడిక దగ్గరకొచ్చి పిలిచాడు.

"ఎస్తేరూ, పలుపు విప్పమ్మా. ఎండెక్కితే నడవలేవు."

"దాన్ని పంపను మామా. ఏడో నెల చూడి."

మా అత్త వెనక నుంచి అందుకుంది. "పంపక ఏం పెడతావే దానికి? నీ కొంగు పెడతావా?"

"ముందటేడు పోయిన మందలో ఎన్ని తిరిగొచ్చినయి మామా?" అన్నా.

మీరా సాహెబు తలపాగా సర్దుకున్నాడు. "సగం. సగానికి తక్కువే. అబద్ధం చెప్పి నేనేం బాముకుంటా? అడివిలో పులి ఒకటి, జబ్బొకటి. చూడి గొడ్డయితే మరీ కష్టం."

"ఇను" అన్నా అత్తతో.

"నువ్వే ఇను. ఇక్కడుంటే వందకి వందా పోద్ది." చెయ్యి విదిలించింది. "పొండి మీరా సాబూ, మా రాణిగారు దాన్ని పంపదు. నీ అరణమే పిల్లా, నీ ఇష్టమే. ఏం పెట్టి సాకుతావో నేనూ చూస్తా. నా కొడుకు కంచె జోలికి మాత్రం రామాక."

జెముడు మాట నేనప్పటికి ఎత్తనే లేదు. ఆవిడ మనసులో ఉంది కాబట్టే అందనుకుంటా. ఊళ్ళో పచ్చగా మిగిలింది అదొక్కటే మరి.

మంద పోయాక ఊరు ఖాళీ అయింది. గిట్టల చప్పుడు లేదు, మెడగంటలు లేవు. నేను పొద్దున్నే పోయి గట్ల మీద ఎండు గరిక వేళ్ళతో సహా పీక్కొచ్చేదాన్ని. తాటాకు చూరులోంచి పాత చొప్ప లాగి పెట్టాను. అదీ అయిపోయింది. బర్రె డొక్కలు లోపలికి పోయి, కడుపు మాత్రం కిందికి వేలాడేది. పొద్దున పడుకుంటే లేవడానికి రెండుసార్లు ప్రయత్నం చేసేది.

వాగులో చెలమ తవ్వుకుని నీళ్ళు ఊరేదాకా కూర్చునేవాళ్ళం, నేనూ, మీరా సాహెబు పెళ్ళాం జైనాబ్ బీ. మొగుడు మందతో పోయాక ఆవిడా ఒంటరిదే. కానీ ఆవిడ ఒంటరితనం గలగలా మాట్లాడేది.

"అత్తా, జెముడు విషమా?" అన్నానొకరోజు.

"ఎవరు చెప్పారే?"

"మా అత్త అంటది. తింటే గొడ్డు చస్తదంట, ఇంటికి చేటంట."

"విషమయితే నా మేకలెప్పుడో పోవాల. ఆ పండ్లు తిని, మూతులెర్రగా చేసుకుని, ఆకూవక్కా ఏసుకున్న పెద్దమ్మల్లాగా తిరిగేయి. నేనూ తిన్నా. పెళ్ళైన కొత్తలో చాటుగా డజను పండ్లు తినేసి, పొద్దున్నే ఎర్రగా పోస్తన్నానని చూసి చచ్చిపోతన్నా అని ఒకటే ఏడుపు. మీ మామ నవ్వీ నవ్వీ గోడకి జారగిలబడ్డాడు." ఆవిడ ముంతతో నీళ్ళు తోడి కుండలో పోసింది. "పాలు కారే జెముడుంది చూశావా, బ్రహ్మజెముడు, అది చెడ్డది. దాని పాలు కంట్లో పడితే కన్ను పోద్ది, ఒంటి మీద పడితే బొబ్బలు. గొడ్డు కొరికితే నోరంతా పుండే. నాగజెముడు కోస్తే నీళ్ళేగా వచ్చేది? దానికుండేది ముల్లే గానీ విషం లేదు. నా చిన్నప్పుడు కరువులో మా నాయన ముళ్ళు కాల్చి ఎడ్లకి పెట్టేవాడు."

"బతికినయ్యా?"

"బతకబట్టేగా నాకు పెళ్ళి చేశాడు."

"మరి మా అత్త..."

"మీ అత్త బెంగ జెముడు మీద కాదులేయే" అంది జైనాబ్ బీ. కుండ నెత్తికెత్తుకుంది.

ఆదివారం ప్రార్థనకి అత్త వెల్దుర్తి పోయింది. నాకు ఒళ్ళు వెచ్చగా ఉందని చెప్పి ఉండిపోయా. ఆవిడ బాట మలుపు తిరిగేదాకా ఆగి, కొడవలి తీసుకుని ఇంటి వెనక్కి పోయా. కొట్టం వెనక, ఎవరికీ కనపడని చోట, నాలుగు మట్టలు కోశా. పంగలకర్రతో పొడిచి ఎత్తుకొచ్చి, ఎండుకంప మంటేసి కాల్చా. పెద్ద ముళ్ళు అగ్గిపుల్లల్లాగా ఒక్కొక్కటే అంటుకుని రాలిపోయాయి. రెండువైపులా నల్లబడింది. ఇంతేగా అనుకుని, చల్లారాక ముక్కలు కోసి గోలెంలో వేశా.

ముందు వాసన చూసింది. తర్వాత ఒక ముక్క నోట్లోకి తీసుకుంది. అది నములుతుంటే నీళ్ళు పిండిన చప్పుడు వినపడింది. ఎన్నాళ్ళకి విన్నానో పచ్చిమేత నమిలే చప్పుడు. నాలుగు మట్టలూ తినేసి, గోలెం నాకి, ఇంకా ఉందా అన్నట్టు నా వైపు చూసింది. నేను దాని మెడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయా.

మధ్యాహ్నానికి చొంగ మొదలైంది. నాలుక బయటపెట్టి తల విదిలిస్తోంది. పెదవులు వాచిపోయాయి. నీళ్ళు పెడితే మూతి పెట్టి, వెంటనే వెనక్కి లాక్కుంది. నా వేళ్ళు కూడా మండుతున్నాయి. వెలుగులో పెట్టి చూసుకుంటే కంటికి ఆనీ ఆనని పసుపు నూగు చర్మం నిండా దిగి ఉంది. పెద్ద ముళ్ళు కాలాయి గానీ, వాటి మొదట్లో దూదిలాగా ఉండే నూగు కాలలేదు.

అత్త వచ్చేసరికి నేను బర్రె ముందు కూర్చుని ఉన్నా. ఆవిడ బర్రెని చూసింది, బూడిదని చూసింది.

"ఎన్ని కోశావు?"

"నాలుగు."

"ఎక్కడ?"

"కొట్టం వెనక."

పోయి చూసొచ్చింది. చాలాసేపు చూసొచ్చింది. నేను తిడుతుందనుకున్నా. తిట్టలేదు. గొంగడి ముక్క ఒకటి చించి చేతికి చుట్టుకుని, ఆముదంలో ముంచింది.

"ముక్కుతాడు పట్టుకో. సరిగ్గా పట్టుకో, కుమ్మితే నా డొక్క చీలుద్ది."

నాలుక బయటికి లాగి, గొంగడితో వెనకనుంచి ముందుకి తుడిచింది. మళ్ళీ తుడిచింది. గొంగడి బొచ్చుకి నూగు పసుపు పొడిలాగా అంటుకుని వచ్చింది. బర్రె గిలగిల్లాడుతుంటే నా కళ్ళల్లో నీళ్ళు కారిపోతున్నాయి. ఆవిడ మాత్రం పెదవుల లోపల కూడా తుడిచింది. అంతా అయ్యాక గొంగడిని పొయ్యిలో పడేసి చేతులు కడుక్కుంది.

"మూడు రోజులు గంజి తాగించు. శుక్రవారం సంతకి తోలిస్తున్నా."

"అత్తా, ఈ రోజుల్లో సంతలో గొడ్డుని తోలు కోసం తప్ప కొనరు."

"తెలుసు."

"కడుపులో దూడుంది."

"అది నా కళ్ళ ముందర చస్తే చూడలేను. నీకు చూసే ఓపిక ఉంటే చెప్పు." లోపలికి పోతూ గుమ్మంలో ఆగింది. "ఆ కన్నం మూసెయ్. వాడొచ్చి చూస్తే ఏమనుకుంటాడు?"

కంప తెచ్చి కన్నం మూశా.

బర్రె గంజి తాగింది. వాపు తగ్గింది. నేను గురువారం పొద్దున చెలమకి పోయినప్పుడు రేపటి మాటే తలుచుకుంటూ ఉన్నా. చెలమలో నీళ్ళు అడుగంటాయి. ముంత ముంతకీ కూర్చోవాల్సొచ్చింది. కుండ నింపుకుని ఇంటికొచ్చేసరికి పొద్దు నెత్తి మీదికొచ్చింది. తడిక బయట దుమ్ములో బూట్ల అచ్చులున్నాయి. వేపచెట్టు నీడకి నులకమంచం లాగి ఉంది. దాని కింద ఇత్తడి చెంబు.

అత్త వాకిట్లో పీట మీదే కూర్చుని ఉంది. కానీ బాటవైపు కాదు, గోడవైపు తిరిగి.

"ఎవరొచ్చారత్తా?"

"మాచర్లాయన. అబ్దుల్ గఫార్ అంట. పటాలం నించి వచ్చాడు. దారిన పోతా మంచినీళ్ళడిగాడు."

"ఆయన సంగతేమన్నా..."

"కుండ దించు ముందు. మెడ విరుగుద్ది."

కుండ దించా. ఆవిడ పీట మీంచి లేవలేదు. ఆ పూట అన్నం తినలేదు. నేను అడగాలని రెండుసార్లు దగ్గరకి పోయా. ఆవిడ వీపు చూసి తిరిగొచ్చేశా.

తెల్లారి లేచేసరికి మంచంలో అత్త లేదు. శుక్రవారం అని గుర్తొచ్చి కొట్టంలోకి పరిగెత్తా. బర్రె అక్కడే ఉంది, గుంజకి కట్టేసి. ముందువైపునుంచి చప్పుడు వినపడుతోంది. తడి దుంగ మీద గొడ్డలి పడ్డట్టు.

అత్త తడిక పక్కన నిలబడి జెముడు నరుకుతోంది. చేతులకి మోచేతిదాకా గొంగడి చుట్టుకుంది. కొట్టం వెనక ఎవరికీ కనపడని చోట కాదు. కంచె మొత్తంలో ఎత్తైన మొక్క, ఆయన అన్నిటికన్నా ముందు నాటింది, దాన్ని. అప్పటికే సగం కింద పడి ఉంది.

"చూస్తా నిలబడ్డావేం? కంప తెచ్చి మంటెయ్" అంది.

మంటేశా. ఆవిడ ఒక మట్టని పంగలకర్రకి గుచ్చి సెగమీద పెట్టింది.

"చూడు. ముల్లు కాలగానే అయిపోయిందనుకోమాక. ముల్లు మొదట్లో ఈ కన్నుందే, దీన్నిండా నూగే. అది మాడి రాలేదాకా తిప్పుతానే ఉండాల. అంచుల్ని మర్చిపోకూడదు. పచ్చివాసన పోయి వంకాయ కాల్చిన వాసన రావాల. అప్పుడు తీసి, గోనెపట్టాతో రుద్ది, కొయ్యాల. ఒట్టిగా పెడితే పేడ నీళ్ళై పారుకుంటది. ఎండుగడ్డో, పాత చొప్పో, ఏదో ఒకటి కలపాల. ఇంటి మీద తాటాకులున్నయ్యిగా, కింద వరసలో పాత బోదగడ్డుంది, అది పీకుదాం."

నేను ఆవిడ మొహం చూశా. "నీకు ఇదంతా తెలుసా అత్తా?"

"తెలియకేం. మా పుట్టింట్లో పెట్టేవాళ్ళం."

"మరి మొన్న చెప్పలేదే."

"మొన్న వాడొస్తాడనుకున్నా."

మట్టని ఇంకోవైపు తిప్పింది. మంట చిటపటలాడింది.

"రాడు" అంది. "అక్కడే రైల్వే పని దొరికిందంట. ఒక మనిషిని చేసుకున్నాడంట. ఆడపిల్ల, రెండేళ్ళది. గఫార్ వాళ్ళింట్లో అన్నం తిన్నాడంట. పిల్లకి నా పేరు పెట్టాడంట."

ఆవిడ చేతిలో కర్ర కదలడం మానేసింది. మట్ట అంచు మీద మంట పాకుతోంది.

"మాడిపోతంది అత్తా" అన్నా.

కర్ర తిప్పింది.

తర్వాత చాలాసేపు ఇద్దరం పని చేశాం. నేను కోసిన ముక్కలు తట్టలో వేస్తూ అడిగా. "నన్ను అడిగాడంటనా?"

"ఆఁ. అడిగాడంట."

"ఏమని?"

అత్త గోనెపట్టాతో మట్టని రుద్దుతోంది. "బర్రె ఈనిందా అని."

ఆయన పోయేనాటికి అది పెయ్యిదూడ. ఈనే ఊసే లేదు. ఆయన దాన్నెప్పుడూ బర్రె అనలేదు, దూడ అనేవాడు. ఆ మాట అప్పటికప్పుడు మా అత్త అల్లిందేనని నాకు వెంటనే తెలిసిపోయింది. ఐదేళ్ళలో ఆవిడ నా కోసం చెప్పిన అబద్ధం అదొక్కటే. తట్ట ఎత్తుకుని కొట్టంలోకి పోయా.

సంత మాట మళ్ళీ రాలేదు. ఆ రోజునుంచి కంచె రోజుకింత తరిగింది. అత్త నరికేది, నేను కాల్చేదాన్ని. ముందువైపు అయిపోయింది. తర్వాత జైనాబ్ బీ ఇంటివైపు వరస. ఆవిడ వాకిట్లోంచి చూసి నవ్వింది.

"కంచె చేను మేసిందంటే విన్నా గానీ వదినా, బర్రె కంచె మేసిందని ఎక్కడా వినలా."

"మా ఇంట్లో అన్నీ తిరకాసే వదినా" అంది మా అత్త. అంతకుమించి చెప్పలేదు. జైనాబ్ బీకి అప్పటికే తెలుసు. గఫార్ మాచర్లలో ఎవరికి చెప్పాడో, అది తిరిగి తిరిగి మా ఊరికొచ్చింది. ఆవిడ నా ముఖం చూసి అడగలేదు. కాల్చిన మట్టల్లో కలపమని మేకల కోసం దాచుకున్న తుమ్మకాయలు రెండు దోసిళ్ళు తెచ్చి గోలెం పక్కన పోసి పోయింది.

బర్రె ఈసారి చొంగ కార్చలేదు. నాలుగైదు రోజులకి పేడ గట్టిపడింది. నీళ్ళు తక్కువ తాగేది. జెముడులోనే నీళ్ళున్నాయిగా. చెలమలో నీళ్ళు లేని రోజుల్లో అది కూడా కలిసొచ్చింది.

కంచె తరిగేకొద్దీ ఇల్లు బయటపడింది. వాకిట్లో పడుకుంటే బాట కనపడేది. గాలి దుమ్మంతా నేరుగా అన్నంలోకి వచ్చేది. సంతకి పోయే మగవాళ్ళు తలతిప్పి చూసి పోయేవాళ్ళు. అత్త కొడవలి తలకింద పెట్టుకుని పడుకునేది. కంచె ఉన్నప్పుడు లోపల ఇరుకుగా ఉండేదనుకునేదాన్ని. అది లేకపోయాక, ఆ బయలు మధ్యలో మేమిద్దరం ఎంత కొంచెంగా ఉన్నామో తెలిసింది. బాట అంత బాగా కనపడుతున్నా అత్త ఇక పీట వేసుకుని కూర్చోలేదు.

ఆయన గురించి మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆదివారం ప్రార్థనలో, ఎవరికన్నా మనవులుంటే చెప్పమని అయ్యగారు అడిగినప్పుడు, ఐదేళ్ళుగా మొదట లేచేది మా అత్తే. పటాలంలో ఉన్న నా బిడ్డ కోసం అనేది. ఆ ఆదివారం లేవలేదు. అయ్యగారు ఆవిడవైపు చూసి కాసేపు ఆగాడు. అత్త చాపలో పుల్ల ఒకటి గోటితో పీకుతూ కూర్చుంది. ఆయన ఇంకొకరిని పిలిచాడు. తిరిగొచ్చేటప్పుడు ఎండలో ఇద్దరం ఒకరి వెనక ఒకరం నడిచాం. ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. నేను వస్తున్నానో లేదో చూడటానికి కూడా.

ఇంట్లో నేను ఏమవుతానో నాకు తెలియలేదు. కోడల్ని అనడానికి కొడుకు లేడు. విధవని కాను. రాత్రి వంటకి బియ్యం ఏరుతూ, ఈ ఇంట్లో నేను ఏరాల్సిన బియ్యమేనా ఇవి అనిపించేది. ఆవిడకీ అట్లాగే ఏదో అనిపించి ఉంటుంది. నాకు గంజిలో ఉల్లిపాయ వేసి పెట్టేది. ఇంతకు ముందెప్పుడూ పెట్టలేదు. అత్తలు చుట్టాలకి పెట్టినట్టు పెట్టేది. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

కొట్టం వెనక వరస ఒక్కటే మిగిలిన రోజుల్లో వాన పడింది. రెండు రోజులు విడవకుండా పడింది. ఆ వారంలోనే మీరా సాహెబు మామ నల్లమలనుంచి దిగొచ్చాడు. ఆయన వెనక వచ్చింది మందలాగా లేదు. వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని గొడ్లు, ఎముకలు కదులుతూ నడిచొచ్చాయి. ఆయన మా ఇంటి ముందు ఆగి, కంచె లేని వాకిలి చూసి, కొట్టంలో బర్రెని చూశాడు.

"బతికించావమ్మా" అన్నాడు నాతో.

"అత్త" అన్నా నేను.

బర్రె ఆషాఢంలో ఈనింది. పెయ్యిదూడ. తడి తుడిచి నిలబెడితే వణుకుతూ నిలబడింది. జున్ను కాచి అత్త ముందు జైనాబ్ బీకి, తర్వాత మిగతా రెండిళ్ళకీ పంపింది. నేను తిన్నానో లేదో రెండుసార్లు అడిగింది. మామూలుగానే పాలు నేనే పితికేదాన్ని. మొదటి ఈతనించీ నా చేతికే అలవాటు.

దూడ పుట్టిన ఇరవై రోజులకేమో, పొద్దున్నే మా అన్న జ్ఞానయ్య నకరికల్లునుంచి బండి కట్టుకుని వచ్చాడు. ముందురోజు బయల్దేరి దారిలో పడుకుని వచ్చాడంట. నేను ఆశ్చర్యపోయి చూస్తుంటే అత్త చేటలో జొన్నలు చెరుగుతూ తల ఎత్తకుండా చెప్పింది.

"అయ్యగారితో కబురు పంపింది నేనే."

"ఎందుకత్తా?"

"ఎందుకేందే. ఇరవై రెండేళ్ళ పిల్లవి. ఇక్కడేం కాస్తావు? కంచె కూడా లేదు."

అన్న గొంతు సవరించుకున్నాడు. "మిషను ఆస్పత్రిలో ఆడోళ్ళు కావాలంటన్నారమ్మా. పని నేర్పిస్తారంట. మీ వదిన కూడా రమ్మంది."

ఉంటాను అత్తా అని అనబోయా. నోట్లోంచి ఆ మాట రాలేదు. పోతాను అన్న మాటా రాలేదు. అత్త చేట పక్కన పెట్టి లేచి, నా పెట్టె తెచ్చి బండి దగ్గర పెట్టింది. నేను బట్టలు సర్దుకున్నా. సర్దడానికి ఎంతుందని. అప్పటికే ఆవిడ కొట్టంలోంచి దూడని రెండు చేతులా ఎత్తుకొచ్చింది. బర్రె వెనకాలే అరుస్తూ వచ్చింది.

"ముందు దూడని ఎక్కిస్తే తల్లి దానంతటదే నడుస్తది" అంది అన్నతో.

"దించత్తా" అన్నా.

"ఏం?"

"దూడ పసిది. ఆ కుదుపులకి తట్టుకోలేదు."

"గడ్డేసి పడుకోబెడితే ఏమైద్ది?" అన్నాడు అన్న. "దారిలో ఆపుకుంటా పోదాం."

"వద్దన్నా. గట్టిపడ్డాక చూద్దాం."

అత్త దూడని చేతుల్లోంచి దించలేదు. "అరణం నీది" అంది.

"నాదే. ఇక్కడుంటది."

ఆవిడ నన్ను చూసింది. ఆ వేసవి మొత్తంలో నన్ను నిండుగా చూసింది అప్పుడే అనుకుంటా. దూడని కింద పెట్టింది. అది తల్లి పొదుగు వెతుక్కుంటూ పోయింది.

"నా చేతికి పాలు చేపదే అది" అంది అత్త నెమ్మదిగా. "నీ చెయ్యి తప్ప ఎరగదు. తన్నుద్ది."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నువ్వు కట్టుకునే కోకొకటి ఇచ్చిపో" అంది. "ఉతికింది వద్దు."

లోపలికి పోయి ఒంటి మీదున్నదే విప్పి ఇచ్చా. ఎర్రంచు నీలికోక, కుడితి మరకలవి. తన పెనిమిటి పోయినప్పటినుంచీ తెల్లబట్ట తప్ప కట్టని మనిషి, గోడవైపు తిరిగి ఆ నీలికోక చుట్టుకుంది. కుచ్చిళ్ళు సరిగ్గా కుదరలేదు. నేను వంగి సర్దబోతే "చాల్లే" అంది. చెంబు తీసుకుని కొట్టంలోకి పోయింది.

అన్న బండి కట్టాడు. నేను ఎక్కి కూర్చున్నా. ఎడ్లని అదిలించబోతే ఆగమని చెయ్యి చూపించా. బర్రె తల తిప్పి ఆ కోక వాసన చూసింది. ఒకసారి కాలెత్తింది. దించింది. కాసేపటికి చెంబులో ధార పడిన చప్పుడు వినపడింది.

"పద" అన్నా.

బండి బాట మలుపుదాకా పోయినా కొట్టం కనపడుతూనే ఉంది. మధ్యలో అడ్డమేమీ లేదు. బర్రె పక్కన నీలికోక కట్టుకుని వంగి ఉన్న మనిషిని ఆ దారిన పోయేవాళ్ళెవరైనా చూస్తే, జయరాజు పెళ్ళాం పాలు పితుకుతోందనుకుంటారు.